షెరీఫ్ ఆఫీసులో కేసు ఎవరి చేతికి వెళ్తుంది?

ప్రశ్న: టెక్సస్‌లో నగర పరిధికి బయట ఉన్న మా అబ్బాయి ఇంట్లో దొంగలు పడి నగలు, ల్యాప్‌టాప్ ఎత్తుకుపోయారు. షెరీఫ్ (కౌంటీ అనే జిల్లాలాంటి ప్రాంతానికి పోలీసు అధిపతి) కింద పనిచేసే డిప్యూటీ వచ్చి కేసు నంబరు ఇచ్చి వెళ్లారు. ఆ తర్వాత కబురు లేదు. అసలు దర్యాప్తు చేసేదెవరు?

జవాబు: వచ్చిన డిప్యూటీ గస్తీ విభాగం వారు. ఆయన పని చాలావరకు తొలి రిపోర్టుతో సరి. అది నేర పరిశోధన విభాగానికి చేరాక సాధారణంగా అక్కడి సార్జెంట్ చదివి డిటెక్టివ్‌కు అప్పగిస్తారు. పెద్ద కౌంటీల్లో హత్యలు, దాడులు ఒక బృందం, దొంగతనాలు మరో బృందం చూస్తాయి. చిన్నచోట్ల ఇద్దరు ముగ్గురే అన్నీ చూసుకుంటారు. అందరికీ పైన ఎన్నికైన షెరీఫ్.

చాలా కేసులు ఆగేది ఆ సార్జెంట్ బల్ల మీదే. అనుమానితుడి పేరు, కారు నంబరు, వీడియో, సీరియల్ నంబరు ఏదీ లేకపోతే ఫైలు పక్కకు పోతుంది. మూసేసినట్టు కాదు, కొత్త ఆధారమొస్తే మళ్లీ తెరుస్తారు. అందుకే మీ అబ్బాయి ఊరికే ఎదురుచూడకుండా, కేసు నంబరు చెప్పి అనుబంధ రిపోర్టు రాయించాలి. ల్యాప్‌టాప్ అట్టపెట్టె మీది సీరియల్ నంబరు ఇస్తే దేశవ్యాప్త పోలీసు డేటాబేస్‌లోకి ఎక్కిస్తారు. తాకట్టు కొట్లో తేలితే పట్టుబడే వీలుంటుంది. నగలకు ఆ నంబరుండదు. ‘బంగారు నెక్లెస్’ అని రాస్తే ఎందుకూ పనికిరాదు. బిల్లు, బరువు, 22 క్యారెట్లన్న వివరం, నగ దగ్గరగా కనిపించే పెళ్లి ఫోటో కావాలి. అన్నిటికంటే ముందు పొరుగువారి కెమెరా వీడియో అడగండి, అది కొద్దిరోజుల్లోనే చెరిగిపోవచ్చు.