ఎనిమిది బోల్టుల కోసం లక్ష రూపాయల బాడీ అవసరమా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. చెరువుల దగ్గర నుంచి ప్లాంటుకు రొయ్యల ట్రేలు తోలే పికప్ సొంతంగా నడుపుకుంటున్నాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, బండికి 7 ఏళ్ల 10 నెలలు. నెలకు 11,800 చొప్పున ఇంకా 14 ఈఎంఐలు ఉన్నాయి. వెనక బాడీ ఊగుతోంది, గతుకుల్లో దడదడమంటోంది. ఛాసిస్‌కు (బండి కింది ఇనుప చట్రానికి) బాడీని పట్టే 8 బోల్టుల్లో రెండు విరిగాయి, నాలుగు తుప్పుపట్టి కదలడం లేదు. ఒక వర్క్‌షాపు వాళ్లు కొత్త బాడీ కట్టాలి, 95,000 అవుతుంది, 8 రోజులు పడుతుంది అన్నారు. ఇంకో మెకానిక్ బోల్టులు కోసి కొత్తవి వేస్తానని 9,000 అడిగాడు, రెండు రోజుల పని. మూడో ఆయన గంటలో వెల్డింగ్ పెట్టేస్తా, 1,500 ఇవ్వమన్నాడు. చేతిలో 40,000 ఉంది. తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి 60,000 ఇస్తానంటున్నాడు. రోజుకు డీజిల్ పోను 1,600 మిగులుతుంది, నెలలో 24 రోజులు పని. ఇంటి ఖర్చు 19,000. రెండు నెలల్లో ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పరీక్ష) ఉంది. ఇన్సూరెన్స్‌లో వస్తుందా? అప్పు చేసి బాడీ కట్టించమంటారా?

జవాబు: ఇప్పుడే అప్పు చేయకండి. ముందు బోల్టుల పని చేయించండి. మీకు చెప్పిన మూడు ధరలూ బాడీ అడుగున ఏముందో చూడకుండా చెప్పినవే. బోల్టులు ఊడితే గానీ కింది అడ్డపట్టీలను తుప్పు ఎంత తిన్నదో తేలదు. కొత్త బాడీ కావాలా వద్దా అన్నది అప్పుడు తేల్చుకోవాల్సిన విషయం.

95,000 దారిలో వెళ్తే మొదటి నెల ఎలా ఉంటుందో చూడండి. మీ 40,000, అప్పు 60,000 కలిపి లక్ష. బాడీకి పోగా మిగిలేది 5,000. ఆ నెల 8 రోజులు బండి షెడ్డులో ఉంటుంది కాబట్టి 16 రోజుల సంపాదన 25,600. ఈఎంఐ, ఇంటి ఖర్చు కలిపితే 30,800. అంటే 5,200 తగ్గింది. రెండు రూపాయల వడ్డీ అంటే 60,000కు నెలకు 1,200. మొత్తం 6,400 కావాలి, ఉన్నది 5,000. మొదటి నెలలోనే 1,400 కటకట. ఆ నెల ఈఎంఐ తిరిగొస్తే పెనాల్టీ పడుతుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. రెండు నెలల్లో ఎఫ్‌సీ ఖర్చు ఎలాగూ ఉంది. ఏడాది పాటు వడ్డీ మాత్రమే కట్టినా 14,400 పోతుంది, అసలు అలాగే ఉంటుంది.

1,500 వెల్డింగ్ అన్నిటికన్నా చౌకగా కనిపిస్తుంది కానీ మీ ఆస్తికి అన్నిటికన్నా ప్రమాదకరం. లోడు మీద గతుకుల్లో ఛాసిస్ మెలి తిరుగుతుంది. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య చెక్కో రబ్బరో ప్యాకింగ్ పెట్టేది ఆ మెలికను మింగడానికే. రెండింటినీ కలిపి అతికేస్తే ఆ బలమంతా వెల్డింగ్ అంచు దగ్గర పడి, వేడికి గట్టిబడిన ఇనుము అక్కడే చీలుతుంది. బాడీ పోతే బాడీ మార్చుకోవచ్చు. ఛాసిస్ చీలితే ఇంకా 14 వాయిదాలు కట్టాల్సిన బండే పోతుంది. ఛాసిస్ పైఅంచుకూ కిందిఅంచుకూ వెల్డింగ్ పెట్టనివ్వకండి, కొత్త కన్నం వేయనివ్వకండి.

బండి షెడ్డుకు పంపే ముందు రూపాయి ఖర్చులేని పరీక్ష ఒకటి చేయండి. బాడీ కింద పడుకుని, టార్చి పెట్టి, పెద్ద స్క్రూడ్రైవర్ మొనతో ఒక్కో అడ్డపట్టీని గట్టిగా పొడవండి. బోల్టు చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు మేర తప్పక పొడవాలి, ఐసు నీళ్లు నిలిచేది అక్కడే. టంగుమని మోగి, పైన ఎర్రటి పొడి మాత్రమే రాలితే ఇనుము బతికే ఉంది. మొద్దుగా శబ్దమొచ్చి, అట్టముక్కల్లా పొరలు ఊడి, మొన లోపలికి దిగిందంటే ఆ పట్టీ పని అయిపోయింది. ఎన్ని పట్టీలు దిగాయో సుద్దతో గుర్తు పెట్టుకోండి. ఒకటి రెండు పట్టీలైతే వాటిని మాత్రమే కోసి, అదే మందం ఛానెల్ వేయించుకోవచ్చు. ఆ వెల్డింగ్ బాడీ పట్టీలకే, ఛాసిస్‌కు కాదు.

ఉప్పునీటి పనిలో బోల్టు ఎందుకు బిగుసుకుపోతుందో తెలిస్తే మెకానిక్‌తో బేరం సులువు. తుప్పు అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. బోల్టు మరల సందుల్లో అది ఉబ్బి నట్టును లోపల్నుంచి బిగదీస్తుంది. అందుకే ఒకేసారి పెద్ద పైపు తగిలించి లాగితే నట్టు రాదు, బోల్టు మెడ దగ్గర తెగుతుంది. మీ రెండు బోల్టులు తెగింది కూడా ఇలాగే కావచ్చు.

పద్ధతి ఇది. ముందు రోజు సాయంత్రమే బయటికి కనిపించే మరలను వైరు బ్రష్‌తో తళతళలాడేలా రుద్దాలి. తుప్పు వదిలించే స్ప్రే తల మీద కొడితే ప్రయోజనం లేదు, నట్టూ బోల్టూ కలిసే గీత మీద కొట్టాలి. గంటకోసారి మూడు నాలుగు సార్లు కొట్టి, మధ్యలో నట్టు పక్కల మీద సుత్తితో చిన్న దెబ్బలు వేస్తే ఆయిల్ లోపలికి దిగుతుంది. రాత్రంతా వదిలేయాలి. పొద్దున ఆరు పలకల బాక్స్ పానా వాడాలి. పన్నెండు పలకలది తుప్పు తిన్న నట్టు మూలలను గుండ్రంగా అరగదీస్తుంది, ఆ తర్వాత పట్టు దొరకదు. మొదట బిగించే వైపు కొంచెం తిప్పి, ఆ తర్వాత వదులు చేయాలి. పావు చుట్టు ముందుకు, అర చుట్టు వెనక్కు, కిర్రుమన్నప్పుడల్లా మళ్లీ స్ప్రే.

అలా కదలకపోతే గ్యాస్ వేడి. వేడి బోల్టుకు కాదు, నట్టుకు చూపించాలి. నట్టు వ్యాకోచించి తుప్పు పొర పగులుతుంది. స్ప్రే కొట్టిన చోటు బాగా తుడవకుండా మంట దగ్గరికి తీసుకురానివ్వకండి. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు, టెయిల్ ల్యాంపుల వైర్లు ఎక్కడ పోతున్నాయో మెకానిక్‌కు ముందే చూపించండి. చెక్క ప్యాకింగ్ ఉన్నచోట తడిగుడ్డ కప్పి పక్కనే నీళ్ల బకెట్ పెట్టాలి. ఎర్రగా కాల్చిన బోల్టును మళ్లీ వేయకూడదు, ఆ వేడికి దాని బలం పోతుంది.

రెండుసార్లు వేడి చేసినా రానిదాన్ని కోసేయడమే లాభం. చిన్న గ్రైండరుకు 1 మిల్లీమీటరు కటింగ్ చక్రం పెట్టి నట్టును నిలువుగా చీల్చి, ఉలితో విప్పుతారు. ఛాసిస్ కన్నం పాడవదు. తల గుండ్రంగా ఉండి నట్టుతోపాటు తిరిగే బోల్టయితే తల పైన చిన్న ఇనుప కడ్డీ అతికి పట్టుకుని విప్పుతారు. ఏ వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీయించండి.

విరిగిన రెండూ అసలు కష్టం. అడుగు నుంచి మొన బయటికి ఉంటే సుత్తి, పంచ్‌తో కొట్టి దించేయొచ్చు. ఛాసిస్‌కు అతికిన నట్టులో ముక్క ఉండిపోతే, ముక్క మీద కొత్త నట్టు పెట్టి లోపల వెల్డింగ్ నింపి, ఆ వేడిలోనే పానా వేసి తిప్పాలి. అది కుదరకపోతే నడిమధ్యన పంచ్ గుర్తు పెట్టి డ్రిల్ చేయాలి. ఎం12 (12 మిల్లీమీటర్ల) బోల్టయితే 10.2 మిల్లీమీటర్ల డ్రిల్లు వేసి, మరలు కోసే ఎం12 టాప్‌తో మరలు శుభ్రం చేయాలి. ముక్క లాగే ఎక్స్‌ట్రాక్టర్ బలవంతపెడితే లోపలే విరుగుతుంది. అది గట్టి స్టీలు కాబట్టి మామూలు డ్రిల్లు దాన్ని కోయదు, రెండు గంటల పని ఒక రోజవుతుంది. ఆ జాగ్రత్త మెకానిక్‌కు ముందే చెప్పండి.

బాగున్న రెండు బోల్టులు చివరికి ఉంచాలి. బాడీ కదలకుండా అవే పట్టి ఉంచుతాయి. ఒకటి తీసి, కొత్తది వదులుగా వేసి, తర్వాతదానికి వెళ్తే కన్నాలు ఒకదానికొకటి తప్పవు. అన్నీ వదులయ్యాక ఒక్కో పక్క జాకీతో రెండు మూడు అంగుళాలు లేపి, కింద చెక్కలు పెట్టి, సుద్ద గుర్తులున్న చోట మళ్లీ చూడండి. లేపేముందు డీజిల్ పోసే గొట్టమూ లైట్ల తీగలూ బిగుసుకోకుండా చూడాలి.

కొత్త బోల్టు తల మీద 8.8 అని ఉండాలి, అది దాని బలం గ్రేడు. స్టెయిన్‌లెస్ వేస్తే తుప్పు పట్టదని అమ్ముతారు, నేను వద్దంటాను. మామూలు ఏ2-70 స్టెయిన్‌లెస్ 8.8 కన్నా త్వరగా సాగుతుంది, పైగా ఉప్పునీటిలో దాని పక్కనున్న మామూలు ఇనుమూ అల్యూమినియం రేకూ త్వరగా తినుకుపోతాయి. వేడి జింక్‌లో ముంచిన 8.8 బోల్టు, దానికి సరిపోయే జింక్ నట్టు, రెండు వైపులా మందపాటి వాషర్ తీసుకోండి. మరలు మళ్లీ బిగుసుకుపోకుండా యాంటీసీజ్ పేస్టు పూయండి. ఎం12కు బిగింపు బలం, పొడిగా బిగిస్తే సుమారు 80 న్యూటన్ మీటర్లు, పేస్టు పూస్తే 65 దగ్గర ఆపాలి. మీ బండి మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. చితికిన ప్యాకింగ్ కూడా మార్చాలి, లేకపోతే కొత్త బోల్టు వారంలో వదులవుతుంది.

ఇక 9,000 బేరం. మొత్తానికి ఒక్క ధర ఒప్పుకోకండి, బోల్టుకు ఇంత అని మాట్లాడండి. పానాతో వచ్చే రెండింటికి 200 చొప్పున 400, బిగుసుకున్న నాలుగింటికి 700 చొప్పున 2,800, విరిగిన రెండింటికి 1,200 చొప్పున 2,400. కూలి 5,600. బోల్టుల సెట్లకు 1,000, గ్యాసు, చక్రాలకు 500 వేసినా 7,100. మిగిలిన 1,900 ప్యాకింగ్‌కూ, అడుగున తుప్పు ఆపే ప్రైమర్‌కూ పెట్టండి. సామాను మీరే కొని తెచ్చివ్వండి. అమావాస్య, పున్నమి రోజుల్లో మీ వైపు పట్టుబడులు తగ్గితే ఆ రెండు రోజులు బండి షెడ్డులో పెట్టండి, 3,200 నష్టంలో కొంత అలా తగ్గుతుంది.

ఇన్సూరెన్స్ ఆశ పెట్టుకోకండి. అరుగుదల, తుప్పు, వాడకంలో విరగడం ఏ ప్యాకేజీ పాలసీలోనూ రావు. గుద్దుకుందని చెప్పి క్లెయిం పెట్టమని ఎవరైనా అంటే వినకండి. విరిగిన బోల్టు ముఖం గోధుమ రంగులో ఉంటే అది పాత విరుపని సర్వేయరు ఒక్క చూపులో పట్టేస్తాడు. తప్పు క్లెయిం రికార్డయితే ఆ తర్వాత నిజంగా ప్రమాదం జరిగినప్పుడు కూడా మీ మాటకు విలువ ఉండదు.

పన్ను విషయం కూడా చెప్పాలి. మీలాంటి ఒక్క బండి యజమానులు ఎక్కువ మంది, 1961 ఆదాయపు పన్ను చట్టంలో 44ఏఈగా ఉన్న అంచనా ఆదాయం పద్ధతిలో, నెలకు 7,500 ఆదాయం చూపిస్తారు. మీరూ అలాగే చూపిస్తుంటే ఈ మరమ్మతు ఖర్చుగానీ వడ్డీగానీ విడిగా తగ్గించుకోలేరు. బండి షెడ్డులో నిలబడ్డ నెలకూ అదే 7,500. కాబట్టి ‘పన్నులో కలిసొస్తుంది’ అని పెద్ద బిల్లుకు ఒప్పించబోతే ఒప్పుకోకండి. బిల్లు మాత్రం దాచండి, బండి అమ్మేటప్పుడు పనికొస్తుంది.

9,000, రెండు రోజుల నష్టం 3,200 పోయినా మీ దగ్గర 27,800 మిగులుతుంది. ఒక నెల ఈఎంఐ, ఇంటి ఖర్చుకు దాదాపు సరిపోయే సొమ్ము అది, ముట్టుకోకండి. మామూలు నెలలో అన్నీ పోను మీకు 7,600 మిగులుతుంది. అందులోంచి బండి తిరిగిన రోజుకు 60 చొప్పున వేరే ఖాతాలో వేయండి. నెలకు 1,440, ఏడాదికి 17,280. బండికి 8 ఏళ్లు నిండుతున్నాయి కాబట్టి ఇప్పటిదాకా రెండేళ్లకోసారి ఉన్న ఎఫ్‌సీ ఇకనుంచి ఏటా వస్తుంది. ఆ ఖర్చు, ప్రైమర్, బోల్టులు అన్నీ ఆ ఖాతాలోంచే.

నా సలహా మారేది ఒక్క సందర్భంలో. బాడీ లేపాక మూడు నాలుగు పట్టీలు స్క్రూడ్రైవర్‌కు దిగిపోతే, పట్టీల ధరా కొత్త బాడీ ధరా పక్కపక్కన రాయించుకోండి. బాడీయే మేలని తేలితే అప్పు రెండు రూపాయలకు కాకుండా, ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి తీసుకోండి. అక్కడ మామూలుగా రూపాయి లోపే పడుతుంది, 60,000 మీద నెలకు 600 అయినా మిగులుతుంది. కొత్త బాడీ పొడవు, ఎత్తు ఆర్‌సీలో ఉన్నదానికి తేడా రాకూడదు, వస్తే ఎఫ్‌సీలో ఆపేస్తారు. ఏ దారైనా, బాడీ నేలకు నాలుగు మూలలా ఐసు నీళ్లు కారిపోయే కన్నాలు వేయించి, ఆ నీరు బోల్టుల మీద పడకుండా చిన్న గొట్టాలు దించండి. రోజూ చివరి ట్రిప్పు దించాక అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడగండి. కొత్త బోల్టులు వేసిన 500 కిలోమీటర్లకు మళ్లీ ఒకసారి పానా వేసి బిగింపు చూడండి, ప్యాకింగ్ కూర్చున్నాక మొదటిసారి తప్పకుండా కాస్త వదులవుతాయి.