ఏది వేగం అని రాసే ముందు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. వాక్యం చకచకా నడుస్తోంది, సంతోషం. అయితే రెండో పేరా ముగియకుండానే తీర్పు చెప్పేశావు. ఏఎండీ ప్రాసెసర్లు రెంటిలో రైజెన్ 7 5800ఎక్స్ క్లాక్ 4.7 గిగాహెర్ట్జ్ (సెకనుకు 470 కోట్ల సైకిళ్లు) వరకు వెళ్తుంది, 5800ఎక్స్3డి 4.5 దగ్గరే ఆగిపోతుంది, కాబట్టి మొదటిదే మెరుగు అన్నావు. పట్టికలోని అంకెల్లో తప్పు లేదు. కానీ ఆటల కోసం ప్రాసెసర్ వెతుక్కునే పాఠకుడు ఆ తీర్పు నమ్మితే నష్టపోతాడు.

తెలిసి ఎంచుకున్నావో, తెలియకో గానీ, ఇంత చక్కని జత అరుదుగా దొరుకుతుంది. ఒకటి 2020 నవంబరులో వచ్చింది, మరొకటి 2022 ఏప్రిల్‌లో. రెండింటిలోనూ ఏఎండీ జెన్ 3 డిజైన్ కోర్లే (కోర్ అంటే లెక్కలు చేసే భాగం). ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరసలు). కంపెనీ ప్రకటించిన 105 వాట్ల అంకె కూడా ఒకటే. ప్రధానమైన తేడాలు రెండే. క్లాక్ కాస్త తగ్గింది. ఎల్3 క్యాష్ (కోర్ల పక్కనే ఉండే వేగమైన చిన్న మెమరీ) మాత్రం 32 మెగాబైట్ల నుంచి 96కు పెరిగింది. 64 మెగాబైట్ల పొరను చిప్ మీద అదనంగా పేర్చారు. అంటే క్లాక్ ఎక్కువ కావాలా, క్యాష్ ఎక్కువ కావాలా అన్న ఒక్క ప్రశ్నను దాదాపు విడిగా పట్టుకుని పరీక్షించే అవకాశం నీ చేతిలో ఉంది. నువ్వేమో దాన్ని పట్టికలో ఒక గడిగా వేసి దాటిపోయావు.

ఆ గడి దగ్గరే ఆగాలి. కోర్ ఎంత చురుకైనదైనా డేటా వచ్చేదాకా ఎదురుచూడక తప్పదు. అది క్యాష్‌లో లేక, ప్రధాన మెమరీ అయిన ర్యామ్ నుంచి రావడానికి 70 నానోసెకన్లు పట్టిందనుకుందాం. 4.5 గిగాహెర్ట్జ్ కోర్‌కు ఆ వ్యవధి 315 సైకిళ్లు. అన్ని సైకిళ్లు ఊరికే పోయేచోట, క్లాక్‌లో 0.2 గిగాహెర్ట్జ్ ఎక్కువున్నా ఒరిగేదేముంది? ఆటల్లో వందలాది వస్తువుల వివరాలు మెమరీలో చెల్లాచెదురుగా ఉంటాయి, ప్రతి ఫ్రేముకూ (తెర మీది ఒక్కో బొమ్మకూ) వాటిని మళ్లీ మళ్లీ చూడాలి. అవి పెద్ద క్యాష్‌లో ఇమిడితే ఎదురుచూపు తగ్గుతుంది. సినీబెంచ్ లాంటి రెండరింగ్ (త్రీడీ బొమ్మను లెక్కగట్టి గీసే) పరీక్షలో ఒక్కో కోర్ చిన్న ముక్క పట్టుకుని పనిచేస్తుంది. అక్కడ అదనపు క్యాష్‌తో పెద్దగా పని పడదు, క్లాక్ ఉన్నదే ముందుంటుంది. అందుకే ఈ జతలో రెండరింగ్‌లో పాతది కొంచెం ముందుంటే, చాలా ఆటల్లో కొత్తది స్పష్టంగా ముందుంటుంది. అన్ని ఆటల్లో కాదు, అదీ రాయి. ఏ ఆటలో తేడా రాలేదో, ఎందుకు రాలేదో చెప్పిన వ్యాసాన్నే నేను దాచుకుంటాను.

గిగాహెర్ట్జ్ మోజు కొత్తదేమీ కాదు. 2000లో వచ్చిన ఇంటెల్ పెంటియం 4ను ఎక్కువ క్లాక్ కోసమే పొడవాటి పైప్‌లైన్‌తో (పనిని చిన్న చిన్న దశలుగా విడగొట్టే వరసతో) కట్టారు. అది 3.8 దాకా పాకింది, 4 గిగాహెర్ట్జ్ మోడల్‌ను 2004లో రద్దు చేసుకున్నారు. మధ్యలో ఏఎండీ తన 1.53 గిగాహెర్ట్జ్ అథ్లాన్ ఎక్స్‌పీకి 1800+ అని క్లాక్ అంకెలా వినిపించే పేరు పెట్టి, అంకె చూసి కొనే జనానికి అంకెతోనే బదులు చెప్పింది. 2006లో ఇంటెల్ సొంత కోర్ 2 డుయో 2.4 గిగాహెర్ట్జ్‌తోనే పెంటియం 4ను వెనక్కి నెట్టింది.

ఇక నీ ఆటల పరీక్ష. 4కె రిజల్యూషన్‌లో రెండూ ఒకే ఫ్రేములు ఇచ్చాయి కాబట్టి రెండూ సమానం అన్నావు. అన్ని చుక్కలున్న బొమ్మ గీసే భారం గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది, కాబట్టి అక్కడ నువ్వు కొలిచింది ఆ కార్డును. ప్రాసెసర్లు రెండూ దానికోసం కాచుకుని కూర్చున్నాయి. రిజల్యూషన్ 1080పికి దించు, దొరికినంతలో బలమైన కార్డు పెట్టు, అప్పుడు తేడా బయటపడుతుంది. ఇంత కార్డు పెట్టుకుని 1080పిలో ఎవరాడతారని అడిగేవాళ్లు ఉంటారు. సబబైన ప్రశ్నే, కాబట్టి 4కె ఫలితాలు కూడా ఉంచి ఏది దేన్ని కొలుస్తుందో చెప్పు. సగటు ఫ్రేములతో ఆగకుండా, అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేముల లెక్క కూడా ఇవ్వు. ఆడేవాడి కంటికి గుచ్చుకునే కుదుపులు అక్కడే ఉంటాయి. ర్యామ్ వేగం, కూలర్, బయోస్ (మదర్‌బోర్డు మూల సాఫ్ట్‌వేర్) వెర్షన్ చెప్పని ఫలితాన్ని ఇంకొకరు సరిచూడలేరు.

శాతాల దగ్గర మరీ జాగ్రత్త. ఒకే పనికి ఒకటి 80 సెకన్లు, మరొకటి 100 సెకన్లు తీసుకుంటే, మొదటిదానికి 20 శాతం తక్కువ సమయం పట్టింది, కానీ దాని వేగం 25 శాతం ఎక్కువ. ఏదో ఒక పద్ధతి పట్టుకుని చివరిదాకా దాన్నే వాడు. నువ్వు మూడో పేజీలో మార్చేశావు. సగటు ఇంకా పెద్ద ఉచ్చు. అ అనే ప్రాసెసర్ ఒక పరీక్షలో ఇ కంటే రెండింతల వేగం, ఇంకో పరీక్షలో సగం వేగం అనుకో. 2, 0.5 కలిపి సగం చేస్తే 1.25 వస్తుంది, అంటే అ 25 శాతం మెరుగు. అదే లెక్క ఇ వైపు నుంచి వేస్తే ఇ కూడా 25 శాతం మెరుగే! నిష్పత్తుల్ని గుణించి వర్గమూలం తీస్తే 1 వస్తుంది, న్యాయం నిలుస్తుంది. కంప్యూటర్ల పనితీరు పరీక్షలు తయారుచేసే స్పెక్ సంస్థ తన సీపీయూ పరీక్షల్లో ఈ గుణోత్తర సగటునే వాడుతుంది.

తర్వాతి వ్యాసం ఇంటెల్ కోర్ ఐ9 12900కె మీద అన్నావు. దానిలో ఎనిమిది పెద్ద కోర్లు, ఎనిమిది చిన్నవి. పదహారు కోర్లని ఒకే గాటన కట్టి ఇంకో పదహారు కోర్ల ప్రాసెసర్ పక్కన నిలబెట్టకు. పెట్టె మీద 125 వాట్లని చూసి విద్యుత్తు లెక్క కూడా కట్టకు. టర్బోలో, అంటే వేగం పెంచుకుని పనిచేసేటప్పుడు, దాని పరిమితి 241 వాట్లు. అలాగే 105 వాట్ల రైజెన్‌కు సాకెట్ నుంచి తీసుకునే విద్యుత్తు పరిమితి 142 వాట్లు. రెండు కంపెనీల వాట్లు ఒకే కొలత కావు, వాట్ మీటర్ పెట్టి నువ్వే కొలవాలి. మీటర్ నా దగ్గర ఒకటి ఖాళీగా ఉంది, కావాలంటే పంపిస్తాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి