మళ్లీ అదే రోడ్డెక్కమంటారా?

ప్రశ్న: మాది హైదరాబాద్. పెళ్లయి ఐదేళ్లయింది. ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులమే, పిల్లలు ఇంకా లేరు. పోయిన అక్టోబర్‌లో స్కాట్లాండ్ వెళ్లాం. ఇన్వర్‌నెస్‌లో కారు అద్దెకు తీసుకుని నార్త్ కోస్ట్ 500 అనే టూరిస్టు రోడ్డులో తిరిగాం. మావారికి అది ఎన్నాళ్లనుంచో ఉన్న కోరిక. ప్లాన్, బుకింగులు, డ్రైవింగ్ అన్నీ ఆయనే. నేను ఇక్కడ రోజూ ఆఫీసుకి నా కారు నడుపుకుంటూ వెళ్తాను. అక్కడ మాత్రం ఆటోమేటిక్‌కి అద్దె ఎక్కువని ఆయన గేర్ల బండి తీసుకున్నారు. నాకది అలవాటు లేదు. పూటకో ఊరు, రాత్రికో గది. నేను శాకాహారిని. చిన్న ఊళ్లలో మేం చేరేసరికి హోటళ్లలో వంటిళ్లు మూసేసేవారు. చాలా రాత్రులు బంగాళాదుంప చిప్సే భోజనం. ఆకులు రంగు మారిన కొండలన్నీ కారు అద్దంలోంచే చూశాను.

అప్లక్రాస్ దగ్గర ఘాట్ రోడ్డులో ఎదురుగా ఓ మోటార్‌హోమ్ (ఇల్లులాంటి పెద్ద వ్యాన్) వచ్చింది. నేను భయపడి “వెనక్కి తియ్యండి, వెనక్కి తియ్యండి” అన్నాను. తీస్తుంటే ఎడమ చక్రం రోడ్డు దిగి, తలుపు రాయికి గీసుకుంది. “నీ అరుపుల వల్లే” అన్నారు. కొంచెం ముందుకెళ్లాక బండి ఆపి, తాళాలు తీసుకుని దిగి వెళ్లిపోయారు. అరగంట రాలేదు. చీకటి పడుతోంది, ఫోన్‌కి సిగ్నల్ లేదు. తిరిగొచ్చి ఏమీ జరగనట్టు బండి స్టార్ట్ చేశారు. ఈ రోజుకీ ఆ మాట ఎత్తలేదు. ఫొటోలు మాత్రం అందరికీ చూపిస్తూ “లైఫ్‌లో బెస్ట్ ట్రిప్” అంటారు. వీసా ఇంకా ఉంది, ఈ అక్టోబర్‌లో అక్కడి స్కై దీవికి వెళ్దాం అంటున్నారు. అత్తయ్యగారేమో “అంత ఖర్చుపెట్టి తీసుకెళ్తానంటే మొహం ముడుచుకుంటావేంటమ్మా” అంటున్నారు. వెళ్లమంటారా, వద్దంటారా?
– ఒక సోదరి

జవాబు: వెళ్లాలా వద్దా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ అరగంట సంగతి తేలాలి.

కోపం వచ్చినప్పుడు బండి దిగి నాలుగడుగులు నడిచి రావడం తప్పేమీ కాదు. కారులో కూర్చుని అరుచుకోవడం కన్నా అదే నయం. కానీ చెప్పకుండా వెళ్లడం, తాళాలు పట్టుకెళ్లడం, అరగంట రాకపోవడం వేరే సంగతి. ఆ కొండ మీద తాళం లేకపోతే కారులో హీటర్ కూడా రాదు. మీకు ఊరు తెలియదు, ఫోన్ పనిచేయదు, ఆ గేర్ల బండి నడపడం అలవాటు లేదు. మీరు భయపడటంలో వింతేముంది? ఇన్ని నెలలైనా అది మరపు రావడం లేదంటే అందుకు కారణం స్కై దీవి కాదు.

ఇక్కడ మీరు నిజాయితీగా ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. ఇలాంటిది అదొక్కసారే జరిగిందా? ఇంటి దగ్గర ఎప్పుడైనా గొడవలో మీ ఫోన్ లాక్కోవడం, మిమ్మల్ని దారిలో దింపేసి వెళ్లిపోవడం, కార్డులూ పాస్‌పోర్టూ తన దగ్గరే పెట్టుకోవడం, “నేను లేకపోతే నువ్వేం చేస్తావో చూస్తా” అనడం ఉందా? ఉంటే నా జవాబు సూటిగా చెప్తాను, వెళ్లకండి. అలాంటి మనిషితో పరాయి దేశంలో, మనుషులే కనపడని రోడ్ల మీద పది రోజులు ఉండటం క్షేమం కాదు. అప్పుడు మాట్లాడుకోవాల్సింది టూర్ గురించి కాదు. మీ పుట్టింటివాళ్లలో మీరు నమ్మే ఒకరికి చెప్పండి, 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

మీ ఉత్తరంలో అలాంటి ఛాయలు నాకు కనపడలేదు. అందుకే ఇక ముందు రాసేదంతా అది ఒక్కసారే జరిగింది అనుకుని రాస్తున్నాను.

మీరు తిరిగిన దారి ఎలాంటిదో చూడండి. ఇన్వర్‌నెస్‌లో మొదలై ఉత్తర తీరమంతా చుట్టి మళ్లీ అక్కడికే చేరే ఆ రోడ్డు 516 మైళ్లు, అంటే సుమారు 830 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి బెంగళూరు దూరానికి దాదాపు ఒకటిన్నర రెట్లే కదా, ఒక్క రోజులో కొట్టేస్తాం అనిపిస్తుంది. అక్కడే మోసపోతారు. పడమటి వైపు చాలా భాగం ఒక్క బండి పట్టే రోడ్డు. ఎదురుగా ఎవరైనా వస్తే తప్పుకోవడానికి అక్కడక్కడా కాస్త వెడల్పు చేసిన చోట్లుంటాయి. అవి మన ఎడమ పక్కనుంటే అందులోకి తప్పుకోవాలి. కుడి పక్కనుంటే దాని ఎదురుగా రోడ్డు మీదే ఆగి, ఎదుటి బండిని అందులోకి వెళ్లనివ్వాలి. వెనకున్న స్థానికుల బండికీ దారివ్వాలి. మీరు చెప్పిన ఘాట్ రోడ్డు పేరు బెలాక్ నా బా. సముద్ర మట్టం నుంచి ఎక్కడం మొదలుపెడితే 626 మీటర్లు ఎక్కిస్తుంది. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటున్నవాళ్లు రావద్దని కింద బోర్డే ఉంటుంది. అలాంటి రోడ్ల మీద రోజంతా ఒక్కడే బండి నడిపి, రాత్రికి కొత్త ఊళ్లో గది వెతుక్కుని, మర్నాడు పొద్దున్నే మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నాడంటే ఆ మనిషి అప్పటికే అలిసిపోయి ఉంటాడు. ఇది మీవారిని వెనకేసుకు రావడం కాదు. ఆయన పడ్డ టెన్షన్ కూడా లెక్కలోకి రావాలి కదా.

ఇంకో సంగతి. మనలాగే అక్కడా ఎడమ పక్కనే నడుపుతారు. డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు, ఆయనకి కనిపించేది రోడ్డు మధ్య, ఎదురొచ్చే బండి. మీరు కూర్చున్న ఎడమ కిటికీలోంచి కనిపించేది రోడ్డు అంచు, దాని పక్కన మెత్తటి మట్టి, ఆ కింద లోయ. ఆయన ఎదురు బండికి తగలకుండా ఉండాలని ఎడమకి జరిగిన ప్రతిసారీ మీ ప్రాణం గుప్పిట్లోకి వస్తుంది. మీరు అరిచారంటే పిరికివాళ్లని కాదు, ఆయనకి కనపడనిది మీకు కనపడింది. మీ అరుపుకి ఆయన ఉలిక్కిపడ్డారంటే అదీ నిజమే. ఈ ముక్క ఆయనకి ఇలాగే చెప్పి చూడండి. “నీ వల్లే”, “మీ వల్లే” అనే వాదన సగం ఇక్కడే చల్లారుతుంది.

ఇక మీ సంగతి. మీకు కోపం వచ్చినా చెప్పాల్సిందే. ప్లాన్ అంతా ఆయనే చేశారని రాశారు. ఆయన చేస్తున్నప్పుడు మీరేం చేశారు? ఇలాంటి ఉత్తరాల్లో నాకు తరచూ కనిపించే మాట “మీ ఇష్టం”. రూట్ ఏది? మీ ఇష్టం. హోటల్? మీ ఇష్టం. గేర్ల బండి తీసుకుందామా? మీ ఇష్టం. అలా అన్నప్పుడు సర్దుకుపోతున్నాం అనుకుంటాం. లోపల మాత్రం పద్దు రాసుకుంటూనే ఉంటాం. చిప్స్ తిన్న రాత్రులు, దిగి చూడని కొండలు, దొరకని స్టీరింగ్ అన్నీ ఆ పద్దులో పడ్డాయి. ఆయన “బెస్ట్ ట్రిప్” అంటున్నారంటే, మీ మనసులో పద్దు ఉందని ఆయనకి తెలియకపోయి ఉండొచ్చు. తెలిసి కూడా ఆ తాళాల సంగతి మీద ఫొటోలు కప్పేస్తూ ఉండొచ్చు. సిగ్గుపడిన మగవాళ్లు ఇలా చేయడం నేను చాలానే చూశాను. ఈ రెండిట్లో ఏదో మీరు అడిగితే గానీ తేలదు.

ఎప్పుడు అడగాలి? కారులో వద్దు. అత్తయ్యగారు ఇంట్లో ఉన్నప్పుడు వద్దు. ఆయన ల్యాప్‌టాప్‌లో విమాన టికెట్లు చూస్తున్నప్పుడు అసలే వద్దు. ఆదివారం టిఫిన్లయ్యాక, ఇద్దరికీ ఏ పనీ లేనప్పుడు కూర్చోండి. మొదటి మాట ఇలా ఉంటే బావుంటుంది: “స్కై వెళ్లడం గురించి మాట్లాడేముందు ఒకటి చెప్పాలి. ఆ రోజు మీరు తాళాలు తీసుకుని వెళ్లిపోయినప్పుడు నాకు చాలా భయమేసింది. మీరు తిరిగొస్తారో రారో కూడా తెలియలేదు. దాని గురించి మనం ఇంతవరకూ మాట్లాడుకోలేదు.” అక్కడితో ఆపండి. చిప్స్ సంగతి, మీ అత్తగారి సంగతి, పెళ్లిలో జరిగినవి అందులో కలపకండి. కలిపారంటే ఆయన తేలికైనదాన్ని పట్టుకుని దానికి జవాబు చెప్తారు, అసలుది జారిపోతుంది.

“ఎప్పటిదో ఇప్పుడెందుకు తవ్వుతావు” అంటారు, దాదాపు ఖాయం. అప్పుడు గొంతు పెంచకుండా “ఇప్పుడు మళ్లీ వెళ్దామంటున్నారు కాబట్టి” అనండి, చాలు. ఆయన నోటి నుంచి రావాల్సినవి రెండు. ఆ రోజు చేసింది తప్పు అని ఒప్పుకోవడం ఒకటి. మళ్లీ కోపం వస్తే చెప్పి వెళ్తాను, తాళాలు నీ దగ్గరే ఉంటాయి, పది నిమిషాల్లో వస్తాను అన్న మాట రెండోది. పెద్ద క్షమాపణ కోసం పట్టుబట్టకండి. “అవును, అలా చేసి ఉండకూడదు” అని నేల చూపులు చూస్తూ అన్నా సరే, లెక్కలోకి తీసుకోండి. మీ వంతుగా “నేను కూడా ఇకనుంచి అరవను, ‘ఎడమ’ అని ఒక్క మాటే అంటాను” అనొచ్చు.

ఆ మాటలయ్యాక వెళ్లాలనిపిస్తే వెళ్లండి. కానీ డ్రైవర్ పక్క సీట్లో కూర్చోవడానికి కాదు, సగం దూరం నడపడానికి. మన లైసెన్స్‌తో అక్కడికి వచ్చిన సందర్శకులు 12 నెలల వరకు మామూలు కారు నడపొచ్చు. కొన్ని అద్దె కంపెనీలు అంతర్జాతీయ పర్మిట్ కూడా అడుగుతాయి, అది మన ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు. రెండో డ్రైవర్‌గా మీ పేరు అద్దె కాగితాల్లో తప్పనిసరిగా రాయించాలి. పేరు లేకుండా నడిపితే ఇన్సూరెన్స్ వర్తించదు. కారు ఆటోమేటిక్కే తీసుకోండి. అద్దె తేడా ఎంతో మీరే కనుక్కుని, ఆ డబ్బు మీ జీతంలోంచి పెట్టండి. డబ్బు ఆదా అనే కారణం అక్కడితో పోతుంది. అప్పుడు కూడా స్టీరింగ్ ఇవ్వనంటే అది డబ్బు సంగతి కాదని మీకే తెలుస్తుంది.

ఆయన్ని ఒప్పించడానికి ఇంకో ఉపాయం ఉంది, కాస్త గడుసుదే. మందు అలవాటుంటే స్కై వెళ్లే మగవాళ్లకి అక్కడి టాలిస్కర్ విస్కీ డిస్టిలరీ మీద ఒక కన్ను ఉంటుంది, 1830 నాటిది. స్కాట్లాండ్‌లో తాగి నడిపేవాళ్లకి పరిమితి ఇంగ్లండ్ కన్నా తక్కువ. వంద మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములే, ఇంగ్లండ్‌లో 80. కాబట్టి ఒక్క డ్రైవరే ఉంటే ఆయన వాసన చూసి రావాల్సిందే. మీరు నడిపితే ఆయన నిశ్చింతగా రుచి చూడొచ్చు.

స్కై అయితే ఊళ్లు మార్చే పనే లేదు. ఇన్వర్‌నెస్ నుంచి స్కైలోని పోర్ట్రీ ఊరికి సుమారు 180 కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం. 1995లో కట్టిన వంతెన మీదుగా నేరుగా దీవిలోకి కారులోనే వెళ్లిపోవచ్చు, టోల్ కూడా 2004లోనే తీసేశారు. వంటిల్లున్న చిన్న ఇల్లు ఒకటి నాలుగైదు రాత్రులకి తీసుకోండి. మన పొడులూ ఆవకాయా ఉంటే, అన్నం వండుకుని తినడానికి పదిహేను నిమిషాలు పట్టదు. రాత్రి ఎనిమిదింటికి ఎవరి వంటిల్లు మూస్తారో అన్న బెంగ ఉండదు. అక్టోబర్ మధ్యలో అక్కడ ఆరింటికే పొద్దుగూకుతుంది, నెలాఖరులో గడియారాలు గంట వెనక్కి తిప్పాక అయిదు లోపే. అవి మగ దుప్పులు ఆడవాటి కోసం కొట్లాడుకునే రోజులు కూడా, సంధ్యవేళ రోడ్డు మీదికి వచ్చేస్తుంటాయి. అందుకని పొద్దుగూకడానికి గంట ముందే ఇంట్లో ఉండాలని ముందే అనుకోండి. రోజుకి ఒక్క చోటే చూడండి. బండి దిగి, ఇటుక రంగుకి తిరిగిన ఫెర్న్ పొదల మధ్య నడిచే టైమ్ ఉంటేనే అక్టోబర్‌లో అంత దూరం వెళ్లడానికి అర్థం.

మీ అత్తయ్యగారి గురించి. ఆవిడ చూసింది ఫొటోలే. ఆ కొండ మీద ఏం జరిగిందో ఆవిడకి ఎవరు చెప్పారు? మీరు చెప్పొద్దు, అది మీ ఇద్దరి మధ్య సంగతి. ఆవిడ మళ్లీ అంటే “ఆయనా నేనూ మాట్లాడుకుంటున్నాం అత్తయ్యా” అని నవ్వి ఊరుకోండి. మిగతాది చెప్పాల్సింది ఆవిడ కొడుకు. అక్కడికెళ్లాక వీడియో కాల్ టైమ్ కూడా ముందే చెప్పించండి. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ మధ్యాహ్నం మూడున్నర, మీరు రోడ్డు మీదే ఉంటారు. ఫోన్ కలవకపోతే ఆవిడ కంగారు పడతారు, ఆ కంగారు మీ కారులోకి వస్తుంది. పొద్దున్న బయల్దేరేముందు మాట్లాడితే ఇక్కడ మధ్యాహ్నం అవుతుంది, అందరికీ సుఖం.

ఒకవేళ తాళాల మాట ఎత్తగానే ఆయన లేచి వెళ్లిపోతే, లేదా మీకు స్టీరింగ్ ఇవ్వడం కుదరదంటే, ఈ అక్టోబర్‌కి మీరు రావట్లేదని చెప్పండి. అలిగినట్టు కాకుండా మామూలుగా: “మీకు వెళ్లాలనుంటే ఫ్రెండ్స్‌తో వెళ్లిరండి, నాకు అభ్యంతరం లేదు. నేను ఇలా అయితే రాలేను.” గొడవ అవుతుందని మీకు భయం. కావచ్చు. ఇంట్లో, సిగ్నల్ ఉన్న చోట, మీ కారు తాళాలు మీ దగ్గరున్నప్పుడు అయ్యే గొడవ అది. తట్టుకోగలరు. వారం పది రోజులు గడిచినా మాటలు కలవకపోతే ఫ్యామిలీ కౌన్సెలర్ దగ్గరికి ఇద్దరూ వెళ్లండి. ఆయన రానంటే మీరొక్కరైనా వెళ్లి రండి. టికెట్లు మాత్రం అప్పటిదాకా బుక్ చేయనివ్వకండి.