నాన్నకు స్టేజ్ 4 క్యాన్సర్ (బాగా ముదిరిన దశ) అని చెప్పాలా, వద్దా: ముందు ఇది అడగండి

బెంగళూరులో చికిత్స చేయిస్తూ, జబ్బు ఏ దశలో ఉందో ఇంకా చెప్పని మీ నాన్నగారు మాట తగ్గించి గోడవైపు తిరిగి పడుకుంటున్నారంటే, బహుశా ఆయనకు సగం తెలిసిపోయింది. కీమో, తగ్గిన బరువు, వరండాలో డాక్టరుతో మీ గుసగుసలు అన్నీ చూస్తున్నారు కదా. కుంగిపోతారని మీరు చెప్పట్లేదు, మీరు బాధపడతారని ఆయన అడగట్లేదు.

అలాగని మొహం మీద చెప్పేయకండి. నిజం తెలిస్తే కొందరి మనసు కుదుటపడుతుంది, కొందరికి టెన్షన్ పెరుగుతుంది. పరిశోధనల్లోనూ రెండూ కనిపించాయి.

1. అందరూ వదిలేసేది ఇదే: ఎంత తెలుసుకోవాలని ఉందో ఆయన్నే అడగండి. "నాన్నా, డాక్టర్ చెప్పేవన్నీ నీకు చెప్పమంటావా, మమ్మల్నే చూసుకోమంటావా?" రెండోదంటే అక్కడితో ఆగండి. వారం పోయాక మళ్లీ అడగండి, జవాబు మారొచ్చు. ఇంకా ఎన్ని నెలలన్న లెక్క మాత్రం ఆయన అడిగితేనే చెప్పండి.

2. డాక్టరు కన్నడలోనో ఇంగ్లీషులోనో చెప్పింది తెలుగులోకి మార్చేటప్పుడు మనమే సగం మింగేస్తాం (నేనూ చేశాను). తెలుగు వచ్చిన డాక్టరునో నర్సునో పిలిపించండి. బెంగళూరులో అదేమంత కష్టం కాదు.

3. పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించి ఊరటనిచ్చే వైద్యం) ఇప్పుడే మొదలుపెట్టండి, చివరి రోజులకని ఆపకండి. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిపై బోస్టన్‌లో చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటినుంచే ఈ కేర్ అందినవాళ్లలో డిప్రెషన్ తక్కువగా కనిపించింది. బెంగళూరులోని కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఉంది. అక్కడే మారతహళ్లి దగ్గర, ముదిరిన క్యాన్సర్ ఉన్నవాళ్లను చూసుకునే కరుణాశ్రయలో డబ్బు తీసుకోరు, ఇంటికొచ్చి చూసే టీమ్ కూడా ఉంది.