బుజ్జికి, వెనక ఇరుసు సంగతి

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "వాడు డల్లాస్‌లో కారు కడుతున్నాడంట, దానికి తలుపులు కూడా లేవంట, నువ్వన్నా చెప్పన్నా" అని ఏడ్చినంత పని చేసింది. ఆమె వింటుండగా నేనూ నిన్ను నాలుగు తిట్టాను. ఫోన్ పెట్టేశాక నువ్వు పంపిన ఫొటోలు తీసి ఎన్నిసార్లు చూశానో. 1923 ఫోర్డ్ మోడల్ టీ కారు ఆకారంలో ఫైబర్ తొట్టి, దాని ముందు బోనెట్ లేకుండా 350 క్యూబిక్ అంగుళాల షెవర్లే ఇంజన్! కర్నూలు రోడ్డు షెడ్డులో పదమూడో నంబరు స్పానర్ అడిగితే పద్నాలుగు తెచ్చిన పిల్లోడివి నువ్వు.

వెనక ఇరుసుకు అందరూ ఫోర్డ్ తొమ్మిది అంగుళాల హౌసింగే, అంటే లోపలి పెద్ద పళ్ల చక్రం అంత వెడల్పుండే ఇరుసు పెట్టే, వెయ్యమంటున్నారన్నావు. గట్టిదే, కాదనను, 1957 నుంచి పేరున్న సరుకు. కానీ ఇరుసుకు దెబ్బ తగిలేది టైరు నేలను గట్టిగా పట్టినప్పుడు. నీ బండి టన్నుకు లోపే. యాక్సిలేటర్ తొక్కితే మొదట వెనక టైరే జారుతుంది, దెబ్బ ఇరుసు దాకా పూర్తిగా రాదు. రేసు టైర్లు వేస్తే లెక్క మారుతుందనుకో. వెయ్యవు కదా? పాత మస్టాంగ్, మావెరిక్ కార్ల కింద వచ్చిన ఎనిమిది అంగుళాలది నీకు చాలు. బరువు తక్కువ. తేలిక బండికి స్ప్రింగుల కింద బరువెక్కువైతే ప్రతి గతుక్కీ వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. పైగా దాంట్లోనూ క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్నది) ఉన్న ముద్ద మొత్తం ముందువైపు నుంచి ఊడి బల్ల మీదికొస్తుంది. ఆ పళ్ల సందు సరిచేసే పల్చటి రేకుల, అదే షిమ్‌ల, సెట్టింగు మాత్రం నువ్వు చెయ్యబాకు, తెలిసినవాడికి డబ్బులిచ్చి చేయించు.

రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి పినియన్ తిరిగే చుట్లు, 4.11 కావాలంటున్నావు. మన పాత జీపుకు క్రౌన్‌కు 43 పళ్లు, పినియన్‌కు 8, అంటే 5.38. లాగుడుకు పెట్టింది పేరు, 60 దాటితే గోలకు పక్కవాడి మాట వినపడేది కాదు. నీ గేర్‌బాక్సులో ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజన్ చుట్లు తగ్గించే పై గేరు) లేదన్నావు. 28 అంగుళాల టైరుతో హైవే మీద గంటకు 110 కిలోమీటర్లలో పోతే, 4.11కి ఇంజన్ నిమిషానికి 3,400 చుట్ల దగ్గర అరుస్తుంది. 3.00 అయితే 2,500 లోపే. అంత తేలిక బండికి అంత లాగుడు దేనికి? పాత సామాను కొనేటప్పుడు అమ్మేవాడి మాట నమ్మకు. ఒక చక్రం కదలకుండా పట్టించి, రెండోదాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పు. పినియన్ ఎన్ని చుట్లు తిరిగితే అదే రేషియో.

ఇక నాకు రాత్రి నిద్ర పట్టనివ్వని మాట. నీ స్నేహితుడెవరో డిఫరెన్షియల్‌లో స్టార్ గేర్లు (మలుపులో రెండు వెనక చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చేవి) వెల్డింగ్ చేసెయ్, పైసా ఖర్చు లేదు అన్నాడంట కదా.

1993లో నేనూ ఆ పని చేశాను. కొత్తపట్నం వైపు ఒక రొయ్యల చెరువుల ఆసామి జీపు, రోజూ ఇసుకలో దిగబడేది. ఒక చక్రం గిర్రున తిరుగుతుంటే రెండోది రాయిలా కూర్చునేది. డిఫరెన్షియల్ విప్పి, రాడ్లు కాల్చి, స్టార్ గేర్లన్నీ ఒకటి చేశాను. ఇసుకలో ఎడ్లను మించి లాగింది. ఆసామి నా చేతిలో అదనంగా 500 పెట్టాడు. షెడ్డు ముందు మలుపు తిప్పితే మాత్రం వెనక టైరు కీచుమని, సిమెంటు మీద నల్లటి చార పడింది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. ఎడ్లబండికి ఇరుసు కదలదు, ఏ చక్రం దారి దానిది. ఆ పాటి స్వేచ్ఛ కూడా లేకుండా నేను కట్టేశానని ఆ చార చెబుతూనే ఉంది. గుడ్డతో తుడిచేశాను.

కార్తీకం ముసురులో ఆ జీపు అప్పగించడానికి మీ నాన్న నడిపాడు, పక్కన నేను. కాలువ పక్క మలుపులో స్టీరింగ్ తిప్పాడు. ముందు చక్రాలు తిరిగాయి, నా కళ్లతో చూశాను. జీపు తిరగలేదు. వెనక రెండూ కలిసి దాన్ని తిన్నగా నెట్టుకుపోయాయి. కంగారులో మీ నాన్న యాక్సిలేటర్ తొక్కేసరికి రెండూ ఒక్కసారే జారి, వెనకభాగం ముందుకొచ్చింది. కాలువలో నీళ్లు తక్కువ కాబట్టి బతికాం. ఆయన భుజం ఎముక విరిగింది. చొక్కా తొడుక్కునేటప్పుడు ముందు ఎడమ చెయ్యే ఎందుకు దూరుస్తాడో ఇప్పుడు తెలిసిందా? అప్పటికి నువ్వు మీ అమ్మ కడుపులో ఏడో నెల. బురద వల్ల జారిందని ఆమెకు చెప్పాం. ఈనాటికీ ఆమెకు అదే తెలుసు.

జీపు బరువు బండి. నీది దాంట్లో పిసరంత, ఇంజనేమో రాక్షసి. వానలో రెండు టైర్లూ ఒక్కసారి జారితే సర్దుకునే టైమ్ కూడా ఉండదు. డబ్బుంటే లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారుతుంటే రెండోదానికీ కొంత లాగుడు పంపే డిఫరెన్షియల్) కొనుక్కో, దానికి చెప్పిన ఆయిలే పొయ్యి. లేదంటే మామూలుదే ఉంచు, ఒక చక్రం తిరిగితే తిరగనీ. తక్కువైతే నాకు చెప్పు, పంపిస్తా. నవ్వకు, నిజంగానే.

హౌసింగ్ మీద గాలి పోయే బ్రీదర్ మూసుకుపోకుండా చూసుకో, లేకపోతే ఆయిల్ సీలు తన్ని బ్రేకుల మీదికొస్తుంది. కొనే ముందు ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి కొలత, టైరు ఎత్తు నాకు వాట్సాప్‌లో పెట్టు. ఈ ఉత్తరం మాత్రం మీ అమ్మకు చదివి వినిపించకు.

మీ మామయ్య
ఒంగోలు