వీడియో ఆర్టిస్ట్ అవుతానంటోంది, పొలం అమ్మమంటారా?

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర ఊరు, ఎరువుల కొట్టు ఉంది. మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఎఫ్ఏ పెయింటింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఏదైనా యానిమేషన్ కంపెనీలో చేరుతుందనుకుంటే, ఇప్పుడు వీడియో, పర్ఫార్మెన్స్ ఆర్టిస్ట్ అవుతానంటోంది. మొన్న కాలేజీ ఎగ్జిబిషన్‌కి వెళ్లాం. చాప మీద కూర్చుని ఆరు గంటలు బియ్యంలో రాళ్లేరింది. వెనక గోడ మీద వీడియోలో మా అమ్మ చేతులు చేట చెరుగుతున్నాయి. నాకేమీ అర్థం కాలేదు గానీ మా ఆవిడ ఏడ్చింది. ఇప్పుడు లండన్‌లో ఎంఎఫ్ఏ, అంటే ఫైన్ ఆర్ట్స్‌లో పీజీ చేస్తానంటోంది. దానికి రెండెకరాలు అమ్మాలి. ఈ లైన్‌లో అసలు జీతం ఉంటుందా? సంబంధాలు చూసేవాళ్లు అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే ఏం చెప్పాలి?

జవాబు: పొలం అమ్మకండి. అలాగని అమ్మాయిని ఆపమనీ చెప్పను. ఈ రెండు మాటలూ ఎందుకంటున్నానో చెబుతాను.

మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది మీ ఆవిడ ఏడవడం. బియ్యం ఏరడం ఆమెకు తెలియని పనా? ఇన్నేళ్లూ ఎవరూ కూర్చుని చూడని ఆ పనిని కూతురు నలుగురి మధ్య పెట్టి, ఆరు గంటలు చూడమంది. కళాశాలలో మార్కుల కోసం చేసే పనికీ దీనికీ తేడా ఉంది. మీ అమ్మాయి చేతిలో నిజంగానే ఏదో ఉందని నాకనిపిస్తోంది.

పర్ఫార్మెన్స్ ఆర్ట్ అంటే కళాకారుడు జనం ఎదుట తనే ఏదో పని చేయడం, ఆ చేయడమే కళ. పేరు కొత్తది గానీ, మీరు దానికి పూర్తిగా కొత్తవారు కాదు. పగటివేషగాళ్లు ఊళ్లోకి వచ్చి, స్టేజీ లేకుండా, పొద్దంతా ఆ వేషంలోనే వీధుల్లో తిరగడం మీరు చిన్నప్పుడు చూసే ఉంటారు. గోవాలో ఉండే నిఖిల్ చోప్రా అనే కళాకారుడు ఒక పాత్రగా మారి గంటల తరబడి, రోజుల తరబడి అందులోనే ఉండి బొమ్మలు గీస్తారు. 2019లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొమ్మిది రోజులు అక్కడే ఉంటూ, వేషాలు మారుస్తూ, పెద్ద గుడ్డ మీద బొమ్మలు వేస్తూ ప్రదర్శన ఇచ్చారు. తోటి కళాకారులతో కలిసి గోవాలో హెచ్‌హెచ్ ఆర్ట్ స్పేసెస్ అనే చోటు నడుపుతున్నారు. కొచ్చి-ముజిరిస్ బినాలె అనే పెద్ద కళాప్రదర్శన ఆరో విడతకు క్యూరేటర్‌గా, అంటే ఎవరి పనులు పెట్టాలో ఎంచేవారిగా, ఆయన్నీ ఆ బృందాన్నే తీసుకున్నారు.

వీడియో సంగతికొస్తే, కళాకారిణి నళినీ మలానీ గురించి మీ అమ్మాయి మీకు చెప్పే ఉండాలి. 1946లో కరాచీలో పుట్టి, విభజనలో ఇటు వచ్చిన కుటుంబం ఆమెది. ముంబయి జేజే స్కూల్లో పెయింటింగ్ చదివారు. 1998లో అణుపరీక్షల తర్వాత చేసిన ఇన్‌స్టలేషన్‌లో (వస్తువులతో ఒక చోటంతా అమర్చే కళ), శరణార్థులు సామాన్లు మోసుకొచ్చినలాంటి రేకు పెట్టెలు తెరిచి వాటిలో టీవీలు పెట్టారు. 2023లో ఆమెకు జపాన్ వారి క్యోటో ప్రైజ్ వచ్చింది. అప్పటికామెకు డెబ్భై ఏడేళ్లు. మీ అమ్మాయికీ ఇలాంటి ప్రైజ్ వస్తుందని ఆశపెట్టడానికి చెప్పడం లేదు. ఈ రంగంలో లెక్క పదేళ్లకీ ఇరవయ్యేళ్లకీ చూసుకోవాలి, మొదటి మూడేళ్లకి కాదు. ఆ మధ్యకాలంలో అద్దె ఎలా కట్టుకుంటుంది అన్నదే మనం తేల్చుకోవాల్సింది.

నెల జీతం ఉండదు. డబ్బు నాలుగు వైపుల నుంచి, వేర్వేరు సమయాల్లో వస్తుంది. ఎగ్జిబిషన్‌కి పిలిచినవాళ్లు ఆర్టిస్ట్ ఫీజు ఇస్తారు, కొన్నిచోట్ల తయారీ ఖర్చు మాత్రమే ఇస్తారు. ఒప్పుకునే ముందే అడిగి రాయించుకోవాలి. మొహమాటపడి చేతి డబ్బులు పెట్టుకునే పిల్లలు చాలామంది. రెండోది గ్రాంట్లు, రెసిడెన్సీలు. రెసిడెన్సీ అంటే కొన్నాళ్లు ఒకచోట ఉండి సొంత పని చేసుకోవడానికి అవకాశమివ్వడం. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ ప్రాజెక్టులకు డబ్బిస్తుంది. ఇన్‌లాక్స్ ఫౌండేషన్ యువ కళాకారులకు అవార్డులిస్తుంది. ఢిల్లీ ఖోజ్ సంస్థలో పీర్స్ అనే రెసిడెన్సీ అప్పుడే చదువు ముగించినవాళ్ల కోసమే నడుస్తోంది. మీ అమ్మాయి మొదట కన్నేయాల్సింది దాని మీదే.

మూడోది అమ్మకం. వీడియోని ఎవరు కొంటారు, ఫోన్లో పంపించుకుంటే సరిపోదా అని మీకనిపించవచ్చు. వీడియోని కూడా లెక్కపెట్టి అమ్ముతారు. ఐదు ప్రతులు అనుకుంటే ఐదే, అమ్మకానికి ఆరోది ఉండదు. కళాకారుడి దగ్గర ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు అనే సొంత ప్రతులు ఒకటో రెండో ఉంటాయి. కొన్నవారికి హార్డ్ డిస్క్‌లో ఫైలు, ఎన్నో ప్రతో రాసి సంతకం పెట్టిన సర్టిఫికెట్, ఎలా చూపించాలో చెప్పే కాగితం ఇస్తారు. గది ఎంత చీకటిగా ఉండాలి, తెర ఎంత వెడల్పు, సౌండ్ ఎంత, లూప్‌లో తిప్పాలా వద్దా అన్నీ ఆ కాగితంలో ఉంటాయి. ఆ సర్టిఫికెట్ లేనిదే ఆ ఫైలుకి విలువ లేదు. అందుకే పూర్తి వీడియో యూట్యూబ్‌లో పెట్టొద్దని చెప్పండి. రెండు మూడు నిమిషాల ముక్క చాలు. అడిగినవాళ్లకి పాస్‌వర్డ్ ఉన్న లింక్ పంపాలి. ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. మన దేశంలో వీడియో కొనేవాళ్లు పెయింటింగ్ కొనేవాళ్లకన్నా చాలా తక్కువ. ఈ డబ్బు మీద ఆధారపడి ప్లాన్ వేసుకోకూడదు.

నాలుగోది రెండో పని. తొలి ఏళ్లలో అసలు బతుకుతెరువు ఇదే. హైదరాబాద్‌లో ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. సినిమా, టీవీ, ఓటీటీ పనులన్నీ అక్కడే ఉన్నాయి. ఎడిటింగ్, సౌండ్, కలర్ నేర్చుకుంటే నెలలో సగం రోజులు ఇతరులకు పనిచేసి, మిగతా సగం తన పని చేసుకోవచ్చు. యానిమేషన్ కంపెనీలో పూర్తికాలం ఉద్యోగం వద్దంటోందంటే నాకు అర్థమవుతుంది, ఆ డెడ్‌లైన్ల టెన్షన్‌లో సొంత పనికి ఓపిక మిగలదు. కానీ ఏ పనీ చేయనంటే మాత్రం ఒప్పుకోకండి.

ఇప్పుడు లండన్. చదువు చెడ్డదని కాదు. పైన చెప్పినట్టు డబ్బు ఎప్పుడొస్తుందో తెలియదు, అప్పు చేసి పంపితే ఈఎంఐ మాత్రం ప్రతి నెలా వస్తుంది. పొలం అమ్మితే ఈఎంఐ ఉండదు కదా అంటారేమో. ఆ రెండెకరాల బరువు పిల్ల మనసు మీద ఉంటుంది, అది బ్యాంకు బాకీకన్నా ఎక్కువ నలిపేస్తుంది. నాన్న పొలం అమ్మాడన్న భయంతో చేసిన పనిలో ధైర్యం ఉండదు, ఈ కళకి కావాల్సింది అదే. ముందు ఇక్కడే ఎంఎఫ్ఏ చేయనివ్వండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది, బరోడాలో ఎంఎస్ యూనివర్సిటీ ఉంది, శాంతినికేతన్‌లో కళాభవన్ ఉంది. అన్నీ ప్రభుత్వ సంస్థలు, ఫీజులు మీ కొట్టు ఆదాయంలో ఇమిడిపోతాయి. నన్నడిగితే బరోడా అంటాను. ఫొటోల్లో తనే వేషాలు కట్టే పుష్పమాల అక్కడ శిల్పకళ చదివారు, నిఖిల్ చోప్రా కూడా అక్కడివారే. ఏ శాఖలో చేరినా బయటికి వచ్చేటప్పటికి వేరే దారి పట్టే స్వేచ్ఛ అక్కడ పాత అలవాటు. విదేశం తర్వాత కూడా వెళ్లొచ్చు, స్కాలర్‌షిప్ మీద.

ఎంఎఫ్ఏ అయ్యాక విజువల్ ఆర్ట్ సబ్జెక్టుతో యూజీసీ నెట్ రాయమనండి, కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి అర్హత పరీక్ష అది. అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ చేస్తూ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు వస్తాయి. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి మూలవేతనమే 57,700. పోస్టులు కొన్నే, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. అయినా చేతిలో నెట్ ఉండటం మేలు.

ఈ పేరా మీ అమ్మాయికి చదివి వినిపించండి. అమ్మా, ఆ ఆరు గంటలూ రికార్డ్ చేశావా? ఎంపిక చేసేవాళ్లలో నూటికి తొంభైమంది నీ ప్రదర్శన ఎదురుగా చూడరు, దాని రికార్డింగే చూస్తారు. ఒక కెమెరా కదలకుండా మొదటి నుంచి చివరిదాకా తిరగాలి, ఇంకోటి చేతుల దగ్గర, మొహం దగ్గర ఉండాలి. సౌండ్ వేరుగా తీయాలి. బియ్యం చేటలో పడే చప్పుడు ఫోన్ మైక్‌కి అందదు. ఏరిన రాళ్లు పారేయకు, సీసాలో దాచి తేదీ రాసిపెట్టు. ఫైళ్లు రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో ఉండాలి. ఎందుకు చేశావో అరపేజీలో, మీ నాయనమ్మకు అర్థమయ్యే తెలుగులో మొదట రాయి, ఇంగ్లీషులోకి తర్వాత మార్చుకో. రికార్డింగ్ సరిగా లేకపోతే ఈ పనిని మళ్లీ చెయ్యి, ఈసారి మీ ఊళ్లో. కొచ్చి బినాలెతో పాటు స్టూడెంట్స్ బినాలె జరుగుతుంది, ఆర్ట్ కాలేజీల విద్యార్థుల పనినే అందులో పెడతారు. మీ కాలేజీకి పిలుపు వచ్చినప్పుడు ఈ ఫైలు సిద్ధంగా ఉండాలి.

సంబంధాల విషయం. అమ్మాయి ఆర్టిస్ట్, వీడియోలు, ప్రదర్శనలు చేస్తుంది, ఎంఎఫ్ఏకి ప్రయత్నిస్తోంది అని ఉన్నదున్నట్టు చెప్పండి. తగ్గించి చెప్పి, డ్రాయింగ్ టీచర్ అవుతుందనో, పెళ్లయ్యాక మానేస్తుందనో మాత్రం మాటివ్వకండి. ఊళ్లు తిరగాల్సి వస్తుంది, నెలల తరబడి రెసిడెన్సీలుంటాయి. అది ముందే తెలిసి ఒప్పుకున్నవాళ్లతోనే మాటలు సాగనివ్వండి. ఎంఎఫ్ఏ రెండేళ్లూ ఆ మాట ఇంట్లో ఎత్తకపోతే మరీ మంచిది.

ఈ నెలలో చేయాల్సింది ఒకటే. ఆ రికార్డింగ్, అరపేజీ కాగితం, ఇప్పటిదాకా చేసిన పనుల ఫొటోలు ఒక ఫోల్డర్‌లో పెట్టమనండి. అది తయారయ్యాక తనే నాకు రాయాలి, మీరు కాదు. ఏ ఎంఎఫ్ఏకి ఏ పని పంపాలో అప్పుడు ఇద్దరం కూర్చుని చూస్తాం.