టెక్ సందేహాలు: దగ్గరి మిర్రర్ ఏదో తెలిసేదెలా?

ప్రశ్న: లినక్స్ ఐఎస్‌ఓ ఫైల్ (ఇన్‌స్టాల్ చేసుకునే డిస్క్ నకలు) కోసం వెళ్తే దేశాలవారీగా పెద్ద మిర్రర్ల జాబితా కనిపించింది. మా దేశంలోని మిర్రర్ నొక్కితే నత్తనడక. పక్క దేశంలోనిది మాత్రం చకచకా వచ్చేసింది. దగ్గరిదే వేగంగా రావాలి కదా?

జవాబు: చాలాసార్లు అలాగే వస్తుంది. మిర్రర్ అంటే అసలు సర్వర్‌లోని ఫైళ్లకు నకలు. యూనివర్సిటీలు, ఇంటర్నెట్ సంస్థలు వీటిని ఉచితంగా నడుపుతుంటాయి. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. కాబట్టి 10,000 కిలోమీటర్ల దూరంలోని సర్వర్‌కు వెళ్లి రావడానికే కనీసం 100 మిల్లీసెకన్లు పడుతుంది. ఇంటర్నెట్‌లో డేటా పంపే టీసీపీ పద్ధతిలో సర్వర్ కొంత డేటా పంపి, అందినట్టు కబురు వచ్చాకే మరికొంత పంపుతుంది. విడతకు 64 కిలోబైట్లు అనుకుందాం. రానుపోను 200 మిల్లీసెకన్లయితే వేగం సెకనుకు 2.6 మెగాబిట్లు దాటదు. అదే 20 మిల్లీసెకన్లయితే 26 దాకా వస్తుంది. ఇప్పటి సిస్టమ్‌లు ఆ విడతను పెంచుకుంటూ పోతాయి కాబట్టి ఇంత తేడా ఉండదు. అయితే దారిలో ప్యాకెట్లు (డేటా ముక్కలు) పోతే, దూరపు కనెక్షన్ తేరుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది.

మీ అనుభవానికి కారణం వేరే. మ్యాప్‌లో దగ్గర, నెట్‌వర్క్‌లో దగ్గర ఒకటి కావు. మీ ఇంటర్నెట్ కంపెనీకి, ఆ మిర్రర్ ఉన్న నెట్‌వర్క్‌కు నేరుగా లింకు లేకపోతే డేటా ఎక్కడెక్కడో తిరిగి వస్తుంది. లేదా ఆ సర్వర్ మీదే రద్దీ ఉండొచ్చు. పింగ్ (సర్వర్‌కు చిన్న సందేశం వెళ్లి రావడానికి పట్టే సమయం) చూసి నిర్ణయించకండి, అది రద్దీని సరిగా పట్టివ్వదు. రెండు మూడు మిర్రర్ల నుంచి అర నిమిషం చొప్పున డౌన్‌లోడ్ చేసి చూస్తే అసలు సంగతి తెలిసిపోతుంది. ఆర్చ్ లినక్స్ వాడేవారికి ఈ పని చేసిపెట్టడానికి రిఫ్లెక్టర్ అనే టూల్ ఉంది.

ప్రశ్న: మా ఉచిత సాఫ్ట్‌వేర్‌కు నాలుగు మిర్రర్లున్నాయి. సైట్‌కు వచ్చినవారికి దగ్గరిది ఎలా చూపించాలి?

జవాబు: ఐపీ అడ్రస్‌ను బట్టి దేశాన్ని అంచనా వేసే డేటాబేస్‌లు ఉన్నాయి. అవి చాలు, బ్రౌజర్‌లో లొకేషన్ అనుమతి అడగకండి. ఒక ఫైల్ కోసం వచ్చిన మనిషిని అంత అడగడం నాకు సబబుగా అనిపించదు. ఓపెన్‌సూసే వాడిన మిర్రర్‌బ్రెయిన్, ఫెడోరా వారి మిర్రర్‌మేనేజర్ ఇలా దగ్గరి సర్వర్‌ను ఎంచిపెట్టడానికి తయారైనవే.

వీపీఎన్ (వేరే చోటి సర్వర్ మీదుగా నెట్ వాడే పద్ధతి) వాడేవారి విషయంలో అంచనా తప్పొచ్చు. అందుకే మీరు ఎంచింది పైన పెట్టి, మిగతా మూడూ కిందే కనబడేలా ఉంచండి. ఒక్కోదాని పక్కన చివరిసారి ఎప్పుడు సింక్ అయిందో రాయండి. పాత వెర్షన్ దగ్గరే ఆగిపోయిన మిర్రర్ ఎంత వేగంగా ఉన్నా పనికిరాదు. ప్రతి మిర్రర్‌నూ తరచూ తనిఖీ చేసే చిన్న స్క్రిప్ట్ రాసుకుని, స్పందించని వాటిని జాబితాలోంచి తీసేయండి.

ఫైల్ మారలేదని సరిచూసుకునే గుర్తు, అంటే ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్‌ను మాత్రం మిర్రర్‌లో కాకుండా మీ సొంత సైట్‌లో, హెచ్‌టీటీపీఎస్ మీద పెట్టండి. విండోస్ వాడేవారు పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ కమాండ్‌తో సరిచూసుకోవచ్చు. దానితోనే సరిపెట్టకండి. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ సైట్‌లోనే హ్యాకర్లు చొరబడి, డౌన్‌లోడ్ లింకును హానికరమైన ఐఎస్‌ఓ వైపు మళ్లించారు. సైట్ చేజారితే అందులోని చెక్‌సమ్‌నూ మార్చేయగలరు. ఫైళ్లకు జీపీజీ సంతకం (ఫైల్ మీరే ఇచ్చారని చూపే డిజిటల్ సంతకం) కూడా చేసి, దాని ప్రైవేట్ కీని (సంతకం చేసే రహస్య తాళాన్ని) సర్వర్‌లో కాకుండా మీ దగ్గరే భద్రంగా దాచుకోండి.